పిట్టల తుపాకి కాగితాలు

జైపూర్, తుపాకులు అని వెతికితే రాజస్థాన్ వస్తుంది. అక్కడి సిటీ ప్యాలెస్‌లో సిలేఖానా అని పెద్ద ఆయుధాల గ్యాలరీ ఉంది. ఏనుగు దంతం పొదిగిన పిడులు, బంగారు నగిషీ చేసిన గొట్టాలు, టికెట్టు కొనుక్కుని చూసి రావచ్చు.

మా జైపూర్ వేరు. మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే రోడ్డు మీద ఉంటుంది. కోట లేదు, గ్యాలరీ లేదు. 2016లో మొదలైన సింగరేణి థర్మల్ ప్లాంటు ఉంది, 600 మెగావాట్ల యూనిట్లు రెండు. గోదావరి ఒడ్డున శివ్వారం దగ్గర మొసళ్ల అభయారణ్యం ఉంది. ఒక పక్క శ్రీరాంపూర్ గనులు, నది దాటితే గోదావరిఖని, రామగుండం.

ఇలాంటి చోట కూర్చుని విదేశీ రైఫిళ్ల గురించి, అందులోనూ అరుదైన రిమ్‌ఫైర్ రైఫిళ్లు పోగేసే సరదా గురించి రాయడమేంటి అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. ఈ బొగ్గు బెల్టులో తుపాకి అన్న మాటకి సరదా అన్న అర్థం ఎప్పుడూ లేదు. కానీ ఆ చిన్న తుపాకి వెంట కొంచెం దూరం నడిస్తే, మన దగ్గర అరుదైనది ఇనుము కాదనీ, దాన్ని ఉంచుకోవడానికి దొరికే అనుమతి అనీ తెలుస్తుంది. ఆ అనుమతి ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు, ఎప్పుడు వెనక్కి పోయింది అన్నదే ఈ వ్యాసం.

*

సైకిల్ నుంచి మొదలుపెడదాం. బి.ఎస్.ఏ. అంటే మన ఊళ్లలో సైకిల్. కానీ ఆ మూడక్షరాల పూర్తి రూపం బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకులు చెయ్యడానికి పెట్టిన కంపెనీ అది. తుపాకుల ఆర్డర్లు తగ్గిన రోజుల్లో అవే యంత్రాల మీద సైకిళ్లకి దిగింది, తర్వాత మోటార్ సైకిళ్లకి. ఇంగ్లండులో ఆ కంపెనీ పాత గుర్తు ఏమిటో తెలుసా? మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బొమ్మ.

అదే కంపెనీ పాయింట్ టూ టూ రైఫిళ్లు కూడా చేసింది. బోరు వ్యాసం అంగుళంలో 22 వంతులు, అంటే వందకి ఇరవై రెండు. మన లెక్కలో 5.6 మిల్లీమీటర్లు. రిమ్‌ఫైర్ అంటే తూటా అడుగున ఉండే అంచులోనే అంటుకునే మందు ఉంటుంది. తుపాకి సుత్తి ఆ అంచు మీద కొడితే పేలుతుంది. ప్యారిస్‌లో ఫ్లోబెర్ అనే ఆయన 1845లో ఇలాంటి చిన్న తూటా తయారుచేశాడు. ఇంటి హాల్లో, అతిథుల మధ్య, గోడకి పెట్టిన గురిని కొట్టే సరదా కోసం. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ దాన్ని రివాల్వర్‌లోకి తెచ్చింది. 1887లో స్టీవెన్స్ కంపెనీ తెచ్చిన లాంగ్ రైఫిల్ తూటానే ఇప్పటికీ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల పోటీలో వాడుతున్నారు. 137 ఏళ్ల తర్వాత, 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే కంచు పతకం తెచ్చింది ఆ తూటాతోనే.

బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల గురి ఎంత అధ్వాన్నమో బయటపడ్డాక, లార్డ్ రాబర్ట్స్ లాంటి వాళ్లు దేశంలో ప్రతివాడికీ గురి నేర్పాలని పట్టుబట్టారు. 1901లో అక్కడ పెట్టిన సంఘం పేరు వినండి: పనివాళ్ల రైఫిల్ క్లబ్బుల సంఘం. పెద్ద మైదానం అక్కర్లేదు, తూటా చవక, శబ్దం తక్కువ. పని దిగి వచ్చిన మనిషి సాయంత్రం హాల్లో నాలుగు రౌండ్లు కాల్చి ఇంటికి పోవచ్చు. బి.ఎస్.ఏ. వాళ్ల పాయింట్ టూ టూలు ఆ క్లబ్బుల కోసమే వేల సంఖ్యలో తయారయ్యాయి.

ఆ రోజుల్లోనే మన దగ్గర బొగ్గు తవ్వుతున్న కంపెనీ కూడా లండన్‌లో పుట్టిందే. 1886లో పెట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ అది. 1920లో సింగరేణి కాలరీస్ అయింది. ఇల్లందులో బొగ్గు తవ్వే మనిషికి ఆ సామ్రాజ్యం రైఫిల్ క్లబ్బు పెట్టిస్తుందని ఎవరూ కలలో కూడా అనుకోరు. అక్కడి పనివాడికి తుపాకి దొరికింది, ఇక్కడి పనివాడికి తుపాకి బొమ్మ కంపెనీ సైకిల్ దొరికింది. అదీ చాలా ఏళ్ల తర్వాత.

*

మరి ఇక్కడ ఆ రైఫిల్ ఎవరి దగ్గర ఉండేది?

1878 ఆయుధాల చట్టం బ్రిటిష్ ఇండియాకి. లైసెన్సు లేకుండా భారతీయుడు తుపాకి పట్టకూడదంది, యూరోపియన్లకి మినహాయింపు ఇచ్చింది. నిజాం రాజ్యానికి దాని సొంత ఏర్పాట్లు ఉండేవి. చట్టాలు వేరైనా ఆచరణలో తేడా తక్కువ. విదేశీ తుపాకి హోదా ఉన్నవాడి వస్తువు. నవాబు, జాగీర్దారు, దేశ్‌ముఖ్, పెద్ద అధికారి, వేటకొచ్చిన దొర.

ఆ వేటలకి ఫొటోలున్నాయి. 1902లో వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య చచ్చిన పులి పక్కన నిలబడి దిగిన ఫొటో చాలామంది చూసే ఉంటారు. వరంగల్ వైపు అడవుల్లో వేట అది. తీసింది రాజా దీన్‌దయాళ్ స్టూడియో. ఇలాంటి ఫొటోల్లో కనిపించేవి పెద్ద రైఫిళ్లు. పాయింట్ టూ టూ వాటిల్లో ఉండదు. అది పులి తుపాకి కాదు కదా. కౌజుకి, కుందేలుకి, అడవికోడికి. చిన్నదొరకి గురి నేర్పడానికి. ఇంట్లో మొదటి తుపాకి అదే, మర్చిపోయేదీ అదే. సాలార్ జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వెళ్లినా మన కళ్లు కత్తుల మీద, నగిషీల మీద ఆగుతాయి గానీ పిట్టల తుపాకి కోసం ఎవరూ వెతకరు.

ఇదే అడవుల్లో ఇంకో తుపాకి కూడా ఉండేది. భర్మార్. మూతిలోంచి మందు దట్టించి కాల్చేది. ఊరి కమ్మరి చెయ్యగలడు, బాగు చెయ్యగలడు. దానికి లండన్ తూటా అక్కర్లేదు. రిమ్‌ఫైర్ సంగతి దీనికి పూర్తిగా తిరుగు. తూటా ఒకసారి పేలితే దాని అంచు నలిగిపోతుంది, మళ్లీ నింపుకోవడం ఇంట్లో అయ్యే పని కాదు. ఈలీ కంపెనీ డబ్బా అయిపోతే ఎంత గొప్ప రైఫిలైనా ఉత్త కర్రే. కాబట్టి పాయింట్ టూ టూ ఉన్నవాడికి పట్నంలో దుకాణంతో సంబంధం ఉండాలి, దుకాణం వెనక ఓడరేవు ఉండాలి, ఓడరేవు వెనక సర్కారు ఉండాలి. భర్మార్ ఉన్నవాడికి కమ్మరి ఉంటే చాలు.

ఏ సర్కారుకైనా ఏది భయమో దీన్నిబట్టి తెలుస్తుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము పోలీసు తూటాలకి చనిపోయినప్పుడు ఆయన మనుషుల దగ్గర ఉన్నవి ఎక్కువగా నాటు ఆయుధాలే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యని కొట్టింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటా. అప్పట్నుంచి తెలంగాణ పల్లెల్లో తుపాకి అంటే గడి. గడిలో ఉన్న తుపాకి వేటకా, గురికా, భయపెట్టడానికా అని బయట నిలబడ్డవాడు అడగలేడు. పాయింట్ టూ టూకి, పెద్ద రైఫిల్‌కి తేడా దొరకి తెలుసు. బాంచెన్ అని వంగినవాడికి రెండూ ఒకటే. సాయుధ పోరాటంలో గడుల మీద పడ్డ దళాలు ముందు వెతికింది ధాన్యం, అప్పు పత్రాలు, తుపాకులు.

*

స్వాతంత్ర్యం వచ్చాక మామూలు ఇళ్ల పిల్లల చేతికి విదేశీ పాయింట్ టూ టూ వచ్చిన దారి ఒకటే: ఎన్.సి.సి. 1948లో చట్టం చేసి పెట్టారు. బి.ఎస్.ఏ.తో సహా పాత బ్రిటిష్ పాయింట్ టూ టూలతో కొన్ని తరాల క్యాడెట్లు గురి నేర్చుకున్నారు. మీలో ఎవరైనా క్యాంపుకి వెళ్లుంటే గుర్తుండే ఉంటుంది. పొట్ట మీద పడుకోవాలి, ఐదు రౌండ్లు, 25 మీటర్లు, ఖాళీ తూటాలు లెక్కపెట్టి అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా గడ్డిలో వెతికించేవాళ్లు. దొర పిల్లాడికి ఆటబొమ్మ అయిన వస్తువు మనకి లెక్క అప్పజెప్పాల్సిన సర్కారు సొత్తుగా పరిచయమైంది. బొగ్గు బెల్టు పిల్లల్లో చాలామంది జీవితంలో పట్టుకున్న ఒకే ఒక్క తుపాకి అది.

ఇంక మిగతాది చట్టం. 1959 ఆయుధాల చట్టం, 1962 అక్టోబర్ 1 నుంచి అమల్లోకొచ్చింది. పాయింట్ త్రీ నాట్ త్రీ లాంటి సైన్యం బోర్లు నిషేధం. పాయింట్ టూ టూ ఆ లిస్టులో లేదు. లైసెన్సు ఉంటే ఉంచుకోవచ్చు. 1950, 60లలో చెకోస్లొవాకియా నుంచి వచ్చిన బర్నో రైఫిళ్లు, జర్మనీ వాల్తర్లు, ఆన్‌షుట్జ్‌లు దేశంలోకి వచ్చాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేటని కట్టడి చేసింది. ఇటు పక్కనే ఉన్న కవ్వాల అడవి 1965లోనే అభయారణ్యం అయింది, 2012లో పులుల రిజర్వు అయింది. అంటే పిట్టల తుపాకికి పిట్ట లేకుండా పోయింది. మిగిలింది గురి కాగితం ఒక్కటే.

1983 సవరణ ఒక మనిషికి మూడు తుపాకులు చాలంది. ఆ సవరణలోనే ఒక చిన్న మినహాయింపు ఉంది, ఈ వ్యాసానికి అది చాలా ముఖ్యం. గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి సాధనకి వాడే పాయింట్ టూ టూ రైఫిల్‌కి ఈ లెక్క వర్తించదు. చట్టం బోరు పేరు పెట్టి మరీ చెప్పింది. చిన్న తూటాని సర్కారు కొంచెం నమ్మింది. కానీ ఆ నమ్మకం క్లబ్బు సభ్యుడికే. మరి క్లబ్బు ఎక్కడుంది? హైదరాబాద్‌లో. 2002 జాతీయ క్రీడల కోసం లింగంపల్లి వైపు కట్టిన షూటింగ్ రేంజి కూడా అక్కడే. జైపూర్ నుంచి దూరం రెండొందల కిలోమీటర్ల పైనే.

1980ల మధ్యకి వచ్చేసరికి మామూలు పౌరుడికి దిగుమతి దారి దాదాపు మూసుకుపోయింది. విదేశాల్లో ఉండి తిరిగొచ్చి స్థిరపడేవాళ్లు షరతుల మీద సామానుతో పాటు తమ తుపాకి తెచ్చుకునే వీలు మాత్రం ఉండేది. వాళ్లు కాక తెచ్చుకోగలిగింది ఎక్కువగా పేరున్న షూటర్లే. గగన్ నారంగ్ లాంటి హైదరాబాద్ షూటర్లు 50 మీటర్ల పోటీకి వాడిన పాయింట్ టూ టూ ఆ తలుపులోంచి వచ్చిందే.

అరుదు అన్న మాట ఇక్కడే తలకిందులవుతుంది. యూరప్‌లో, అమెరికాలో రిమ్‌ఫైర్లు పోగేసేవాళ్లు తక్కువగా తయారైన మోడళ్ల వెంట పడతారు. 1903లో విన్‌చెస్టర్ తన ఒక్క రైఫిల్ కోసం చేసిన ప్రత్యేక తూటా, 1970లో రెమింగ్టన్ తెచ్చి ఆపేసిన 5 మిల్లీమీటర్ల మాగ్నమ్. ఇలాంటివి దొరికితే వాళ్లకి పండగ. తూటా దొరకడం కష్టం గాబట్టి గోడకి తగిలించుకుంటారు. మన దగ్గర అంత దూరం పోనక్కర్లేదు. లక్షల్లో తయారైన మామూలు బర్నో కూడా అరుదే. ఎక్కువగా దేశంలో ఉన్నవే తిరగాలి, ఒక లైసెన్సు నుంచి ఇంకో లైసెన్సుకి. అందుకే బయట పాతసామాను ధరకి పోయేది ఇక్కడ చాలా రెట్లు పలుకుతుంది. కంపెనీ చేసిన అరుదు అది కాదు, గెజిట్ చేసిన అరుదు.

అమెరికాలో అయినా కాగితం తప్పదు, ఆ సంగతి అక్కడున్న మనవాళ్లకి బాగా తెలుసు. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకి కొనకూడదు. కానీ చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే ఫెడరల్ చట్టం మినహాయింపు ఇస్తుంది. జింకని జీవితంలో కాల్చని ఇంజనీరు కూడా ముందు వేట లైసెన్సు తీసుకోవాలి. తేడా ఏమిటంటే అక్కడ ఆ కాగితం ఒక పూటలో దొరుకుతుంది. ఇక్కడ తండ్రి పోతే కొడుక్కి రావాలి.

*

బొగ్గు బెల్టులో ఆ కాగితం బరువు ఇంకో రకంగా తెలిసింది.

1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర. నెల తిరిగేసరికి జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలయ్యాయి. 1980లో పీపుల్స్‌వార్ పుట్టింది, తర్వాత గనుల్లో సికాస వచ్చింది. దొరలు ఊళ్లు విడిచి పట్నాలకి పోయారు. ఆ రోజుల్లో ఊళ్లో లైసెన్సు తుపాకి ఉండటమే ప్రమాదం. దళం తలుపు తడితే అడిగేది దాన్నే. ఇస్తే పోలీసుల ప్రశ్నలు, ఇవ్వకపోతే దళం ప్రశ్నలు. రక్షణకని తీసుకున్న వస్తువుకే రక్షణ కావాల్సి వచ్చింది. చాలామందికి దారి ఒకటే: పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకోవడం. తాత హోదా గుర్తు మనవడికి రసీదుగా మిగిలింది.

ఆ డిపాజిట్ అలవాటు ఇంకా పోలేదు. ఎలక్షన్ కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు చాలావరకు స్టేషన్‌కి పోతాయి, కౌంటింగ్ అయ్యాక తిరిగొస్తాయి. పిట్టల తుపాకి అయినా సరే.

2019 డిసెంబర్‌లో చట్టం మళ్లీ మారింది. ముందు బిల్లులో మనిషికి ఒక్కటే అన్నారు, గొడవ జరిగి రెండు దగ్గర ఆగింది. వారసత్వంగా వచ్చినవీ ఆ రెండులోనే లెక్క. ఎక్కువున్నవాళ్లు ఏడాదిలోగా అప్పజెప్పాలి. పేరున్న షూటర్లకి మాత్రం 2020లో హద్దు 12కి పెంచారు. పాత ఇళ్లలో మూడు తుపాకులున్నవాడు ఏం వదులుకుంటాడు? పంది నుంచి చేను కాపాడే పన్నెండు బోరు ఉంచుకుంటాడు, ఇంటి పక్కన భయం ఉంటే రివాల్వర్ ఉంచుకుంటాడు. పోయేది పాయింట్ టూ టూనే. దానితో ఏ పనీ లేదు మరి.

చట్టంలో ఇంకో కిటికీ ఉంది. పాతకాలం నాటిదై, బాగుచేసినా పేలని తుపాకికి లైసెన్సు అక్కర్లేదు. అంటే మన దగ్గర పోగేసేవాడికి మిగిలే స్వేచ్ఛ ఇది: చచ్చిన తుపాకిని ఎన్నైనా ఉంచుకో.

దీనికి నేను బాధపడాలా? నిజం చెప్పాలంటే తుపాకులు తగ్గినందుకు బాధ లేదు. కడవెండి నుంచి ఇంద్రవెల్లి దాకా తుపాకి ఏం చేసిందో తెలిసిన నేలలో, అది ప్రతి ఇంటి గోడ మీదా ఉండాలని కోరుకోవడం కష్టం. నా బాధ కాగితం గురించి. పాత లైసెన్సు పుస్తకం ఒకటి తెరిస్తే అందులో పేరు, తండ్రి పేరు, ఊరు, తుపాకి ఏ కంపెనీది, నంబరు, బోరు, ఏడాదికి ఎన్ని తూటాలు అన్నీ ఉంటాయి. తర్వాత పేజీల్లో రెన్యువల్ ముద్రలు, డిపాజిట్ తేదీలు. ఊరి చరిత్ర అంతా ఆ ముద్రల వరసలో ఉంటుంది: ఎవరికి నమ్మకం ఇచ్చారు, ఏ ఏడాది భయపడ్డారు, ఏ ఏడాది ఊరు విడిచారు. తుపాకి అప్పజెప్పాక ఈ పుస్తకాన్ని దాచుకునేవాళ్లు తక్కువ. 2016లో కొత్త జిల్లాలు వచ్చి ఆదిలాబాద్ నాలుగు ముక్కలైంది, మంచిర్యాల రామగుండం కమిషనరేట్ కిందికి వచ్చింది. ఆఫీసులు మారిన ప్రతిసారీ పాత రిజిస్టర్లకి గండమే. రైఫిల్‌ని కరిగించండి, అభ్యంతరం లేదు. రిజిస్టర్‌ని ఆర్కైవ్స్‌కి పంపండి. ఇంట్లో తాత లైసెన్సు పుస్తకం కనిపిస్తే పారెయ్యకుండా ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

*

చివరికి ఒక మనిషిని తలుచుకోవాలి. పిట్టల దొర. కొన్ని ఊళ్లలో తుపాకి రాముడంటారు. ఖాకీ కోటు, తలమీద టోపీ, భుజాన కర్ర తుపాకి. వీధిలో నిలబడి, తాను ఎన్ని పులుల్ని కొట్టాడో, తనకి ఎన్ని జాగీర్లున్నాయో, కలెక్టరు తనకెలా సలాం కొడతాడో గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. జనం పడీపడీ నవ్వుతారు. ఎవరి మీద నవ్వుతున్నారో గడిలో ఉన్నవాడికీ తెలుసు, కానీ పగటివేషగాణ్ణి ఏమంటాడు?

బిడ్డల చేతికి బియ్యం ఇచ్చి అతనికి వేయించిన ఇళ్లలో ఎవరికీ అసలు పాయింట్ టూ టూ ఎలా ఉంటుందో తెలియదు. తెలిసిందల్లా ఆ కర్ర తుపాకే. 1878 చట్టం నుంచి 2019 సవరణ దాకా ఏదీ దాన్ని ముట్టుకోలేదు. లైసెన్సు లేదు, తూటా లెక్క లేదు, డిపాజిట్ లేదు. మా దిక్కు విదేశీ తుపాకుల చరిత్రకి ఎవరైనా మ్యూజియం పెడితే, గుమ్మంలో ముందు పెట్టాల్సింది ఆ కర్ర తుపాకిని. పక్కన ఒక లైసెన్సు పుస్తకం, ఒక బి.ఎస్.ఏ. సైకిల్.